ఎడముగా నిలిచి చూడుము

చిరంజీవి మనుమనికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

వేసవి సెలవులకు మన ఊరు డొంకూరు వచ్చి, వసంతారంభమున మన తీరమునందలి పక్షులను, జంతువులను, చెట్టుచేమలను చూడవలెనని నీవు వ్రాసిన కోరిక నాకు మిక్కిలి సంతోషము కలిగించినది. అయితే సెలవులదాక ఆగినచో ఆలస్యమగును. పంచాంగమున చైత్రము వచ్చినగాని వసంతము రాదు; మన ఉద్దానపు తోటలలో మాత్రము మాఘమాసముననే జీడిచెట్లు పూతపట్టును. దారిన పోవువానికి ఆ పూత కంటబడదు. చెట్టుక్రింద కొంతసేపు నిలిచి, కొమ్మ వంచక పైకి చూచితివేని, విచ్చునప్పుడు తెల్లనై క్రమముగా గులాబివన్నెకు తిరుగు సన్నని పూవులును, వానిపై తిరుగాడు చీమలును, ఈగలును, తేనెటీగలును కనబడును. అన్ని పూవులలో పిందెగా నిలుచునవి కొన్నియే. ఈ పూవు నెరుగనివాడు పలాస జీడిపప్పు రుచిని సగమే యెరిగినవాడని నా అభిప్రాయము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటలను కూల్చినది. నీవు చూడబోవు లేతచెట్లలో పెక్కు అటుపిమ్మట నాటినవే.

నాయనా, ప్రకృతిని చూడగోరువాడు మొదట అభ్యసింపవలసినది ఎడము పాటించుట. జీడిపండ్లు పండి, పనసకాయలు ముదురువేళకు ఎలుగుబంట్లు తోటలలో చొచ్చును. వానివలన ప్రాణములు కోల్పోయిన మనుష్యులును, మనుష్యులవలన చచ్చిన ఎలుగులును ఈ ప్రాంతమున కలవు. కావున ప్రొద్దు వ్రాలిన తరువాత తోటలోనికి ఒంటరిగా పోకుము. ఎలుగు జాడ కనబడిన చాలును, దానిని వెదకుచు పోవలదు.

సముద్రపు తాబేళ్ల విషయమున నీవు మరింత జాగరూకుడవు కావలెను. ఉత్తరమున ఒడిశా గంజాం జిల్లాలోని ఋషికుల్యా నదీముఖమున కొన్ని సంవత్సరములలో లక్షలకొలది ఆలివ్ రిడ్లే తాబేళ్లు కలసికట్టుగా తీరమెక్కును. మన యిసుకమీదికి ఒక్కటొక్కటిగా, రాత్రివేళ, జనవరి మొదలు ఏప్రిల్ వరకు వచ్చును. తల్లి వెనుకకాళ్లతో గుంటత్రవ్వి, ఇంచుమించు నూరు గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడక నీటిలో కలియును. నెలన్నరకో రెండునెలలకో వెలువడిన పిల్లలు చీకటిలో ఎటు వెలుగు మిక్కుటముగా నుండునో అటు నడచును. సహజముగా ఆ వెలుగు సముద్రముపైని ఆకాశముది. నీ చేతనున్న ఫోను దీపము దానికంటె ప్రకాశించినచో, పిల్లలు నీవైపే నడచివచ్చి తెల్లవారునప్పటికి కాకులపాలగును. ముద్దుగా నున్నదని పిల్లను చేతబట్టుటయు ప్రేమ కాదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ ప్రాణికి అగ్రస్థానమైన రక్షణ నిచ్చినది. కాని నిర్జనమైన రాత్రివేళ ఆ చట్టమును నిలుపవలసినవాడవు నీవే.

తీరమున చచ్చిపడిన తాబేళ్లును నీకు కనబడవచ్చును. మొగము త్రిప్పుకొనకుము, సముద్రమును చూడవచ్చినవాడు దానినిగూడ చూచి, తేదీతో వ్రాసికొనవలెను. యంత్రపు పడవల పెద్దవలలలో చిక్కి, ఊపిరికి పైకి రాలేక అవి చచ్చుచున్నవి. తెప్పమీద బ్రతుకు పేదవానిపై ఆ నేరము మోపకుము.

ఎడము పాటించుట యనగా ఊరు విడిచి పోవుట కాదని తెలియుటకు టెక్కలి చెంతనున్న తేలినీలాపురము చూడుము. అచ్చట ఊరివారి నడుమనే, చింతచెట్లపై గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును గూళ్లు కట్టి పిల్లలను పెంచును. అవి సైబీరియానుండి వచ్చునవని వాడుక కలదు గాని, ఈ రెండు జాతులును మన దేశమునందును పరిసరదేశములందును నివసించునవే. పక్షుల రెట్టయు, కంపును, అరుపులును భరించి ఆ గ్రామస్థులు వానిని తరతరములుగా కాపాడుచున్నారు. చదువుకొన్నవారమని తలచుకొను మనము వారి యెదుట శిష్యులముగా నిలువదగినవారము.

మార్చి దాటినచో ఆ గూళ్లు ఖాళీయగును. కావున వేసవిదాక ఆగక, శివరాత్రికి సెలవడిగి బయలుదేరి రమ్ము.