ముఖం లేని అమ్మను గీయడం

మేడారం జాతర గీయండి అని తొమ్మిదో తరగతికి చెబితే ముప్పాతిక మంది ఒకే బొమ్మ గీస్తారు. సమ్మక్క తల్లికి కిరీటం, పట్టుచీర, చేతిలో కత్తి, పక్కన పులి. ఫ్లెక్సీల మీదా సెల్‌ఫోన్లలోనూ తిరిగే బొమ్మ అది. జాతరలో అమ్మలను నిలిపే గద్దెల దగ్గర మాత్రం అట్లాంటిదేమీ లేదు. సమ్మక్క చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణెగా దిగి వస్తుంది. గద్దె మీద వెదురు ఉంటుంది, చుట్టూ జనం తెచ్చిన బెల్లం. విగ్రహం లేదు.

గూడూరు మండలంలో డ్రాయింగ్ చెప్పుకుంటూ బతికేవాణ్ణి. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసయ్యాను. షేడింగ్ ఎట్లా వేయాలో వాటికోసం నేర్పారు కానీ దేన్ని గీయవచ్చు, దేన్ని గీయకూడదు అన్నది ఏ సిలబస్‌లోనూ లేదు. ఒకసారి ఒక కోయ పిల్లవాడు గద్దె గీశాడు, వెదురు గీశాడు, పెన్సిల్ పక్కన పెట్టేశాడు. "అమ్మ ఏదిరా?" అని పక్కవాడు అడిగాడు. "ఇంకా రాలే. గుట్ట మీదనే ఉన్నది."

అప్పటినుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది: రూపం లేనిదానికి రూపం ఇవ్వడం భక్తా, లేక మనకు అలవాటైన ముఖాన్ని దేవత మీద రుద్దడమా?

రూపమే తప్పని నేననను. మేడారం ఉన్న ములుగు జిల్లాలోనే పాలంపేట ఉంది. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడిని జనం శిల్పి పేరుతోనే రామప్ప అని పిలుస్తారు. అక్కడ కాలిలో ముల్లు తీయించుకుంటున్న స్త్రీ శిల్పం ఒకటుంది. ముల్లు గుచ్చుకున్న మనిషి బరువు ఏ కాలి మీద వేస్తుందో చూడనివాడు ఆ రాయి చెక్కలేడు. శివుడి గుడిలో ఆమెకేం పని అని ఎవరూ అడగలేదు. అంత శ్రద్ధగా చూడటమే ఆ శిల్పి చేసిన పూజ అని నేననుకుంటాను. ఫ్లెక్సీ బొమ్మలో నాకు నచ్చనిది ఆ చూపు లేకపోవడమే. ఎక్కడివో క్యాలెండర్ దేవతల కిరీటాలు, చీరలు తెచ్చి అడవి తల్లికి తొడిగారు.

మొహర్రానికి మా పల్లెల్లో లేచే పీర్లకూ ముఖం ఉండదు. లోహపు పంజా, రంగు బట్టలు, అంతే. హిందువులూ ఎదురువెళ్లి ఊదు వేస్తారు. పునుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజు కూడా పడగలతో, కాలినడకన మేడారం బయలుదేరతాడు. ముఖం లేకుండానే ఇంత కొలుపు సాగే చోట, పిల్లలు కాగితం మీద మాత్రం మొదట కళ్లూ ముక్కూ ఎందుకు వెతుకుతారు? బొమ్మంటే ముఖమేనని మేమే, డ్రాయింగ్ సార్లమే, నేర్పుతున్నాం కాబట్టి. చేర్యాల పటాలు గీసే నకాషీలకు మాత్రం బొమ్మ కథ కోసమే. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడ పురాణం: కథకులు పటం విప్పి కథ చెప్పేవారు, అది పాతబడితే నీళ్లలో కలిపేవారు. రూపాన్ని వాడుకుని వదిలేయడం వాళ్లకు తెలుసు.

మాకు దగ్గరే, కేసముద్రం దిక్కు పెనుగొండలో 1924లో చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు పుట్టారు. శాంతినికేతన్ దాకా వెళ్లి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. బయటికి పోయి చెట్టునూ మనిషినీ చూసి గీయండి అనేది నందలాల్ పద్ధతి. నేనూ అదే పట్టుకున్నాను. బొమ్మ మొదలుపెట్టేముందు ఇంట్లో జాతరకు పోయొచ్చినవాళ్లను అడిగి రమ్మంటాను, ఏం చూశారని. దుమ్ము, జంపన్న వాగు, తలల మీదుగా ఎగిరే బెల్లం ముద్దలు, ఎడ్లబండి కింద పడుకున్న రాత్రి. ఎవరూ కిరీటం చూశామని చెప్పలేదు. తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి నిలువెత్తు బంగారం, అంటే మనిషి ఎత్తు బెల్లం మొక్కు, తూకం గీసింది. ఒక తట్టలో వాళ్ల నాని, ఇంకో తట్టలో బెల్లం. బెల్లం వైపు దిగి ఉంది. వంకర పోయిందేమో అనుకున్నా. "కాదు సార్, మా నాని ఎక్కువే ఇచ్చింది" అంది. భక్తిని గీయమంటే ఇంతకన్నా ఎట్లా గీస్తారు?

పదో తరగతికి వస్తే ఈ ముచ్చట్లేవీ ఉండవు. డ్రాయింగ్‌కు బోర్డు పరీక్షలో పేపర్ లేదు. సంక్రాంతి దాటితే నా పీరియడ్ లెక్కలకు పోతుంది.

మా తెలుగు సారు నాతో ఒప్పుకోడు. "నిర్గుణం, నిరాకారం పెద్దల మాటలు. పిల్లలకు ముఖం కావాలె. ముఖం లేకుంటే దండం ఎవరికి పెడతరు?" ఆయన మాటలో బలం ఉంది, పెద్దవాళ్లే ఫ్లెక్సీకి మొక్కుతున్నారు మరి. నేనూ ఊరుకోను. ఆ తోపులాటలో గద్దె దాకా చేరినవాళ్లలో ముఖం ఏదని వెతికినవాళ్లను ఒక్కరిని చూపించమంటాను. వెదురు కనబడితే చాలు, చేతిలో ఉన్న బెల్లం విసిరేసి ఏడుస్తారు. దానికి ఆయన దగ్గరా జవాబుంది: "వాళ్లు మనసులో ముఖం పెట్టుకునే పోయిన్రు." కాదని రుజువు చేయడం నాకు చేతకాదు. ఇంటర్వెల్ బెల్లు కొట్టేదాకా ఇద్దరం వాదించుకుంటాం.