తూకం చీటీల సంగతి

వడమాలపేట



నీ ఉత్తరం చదివాను. శ్రమకాలపు కూడికల్లో ఏడ్చానని, అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పానని, పాస్టరుగారు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారని రాశావు. సంతోషం. ఆ కన్నీళ్లు దొంగవని నేననను. కానీ చివర్లో ఒక ప్రశ్న ఇరికించావే, అసలు ఉత్తరం రాసింది దానికోసమేనని నాకు తెలుసు. మామిడి మండీలో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ రైతుల తూకం చీటీల్లో కిలోలు తగ్గించి రాశావు. సూటు పేరుతో మండీ కోసేది కోయగా, పైన నీ చేతివాటం ఇంకొంత. దేవుడు క్షమించేశాక ఆ సంగతి మళ్లీ రైతులకు చెప్పాలా అని అడిగావు.

చెప్పాలి. డబ్బూ ఇవ్వాలి.

లూకా సువార్త 3వ అధ్యాయం తీసి చూడు. యోర్దాను దగ్గర బాప్తిస్మమిచ్చే యోహాను మాటలకు బెదిరిన జనం, మేమేం చెయ్యాలని అడిగారు. ఉపవాసం ఉండమనో, ఇంకా గట్టిగా ఏడవమనో ఆయన చెప్పలేదు. రెండు అంగీలున్నవాణ్ణి లేనివాడికి ఒకటి ఇమ్మన్నాడు. సుంకరులను, నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చెయ్యొద్దన్నాడు. సిపాయిలను, జనాన్ని బెదిరించి గుంజుకోవద్దు, జీతంతో సరిపెట్టుకోండన్నాడు. ఎవరి పనిలో ఏ దొంగతనం దాగుంటుందో ఆయనకు బాగా తెలుసు. నువ్వు ఆ వరసలో నిలబడి ఉంటే చీటీల పుస్తకం తియ్యమనేవాడు. యజమాని రాయమంటేనే రాశానని అంటున్నావు. ఆ సిపాయిల పైనా అధికారులు ఉండే ఉంటారు గదా!

సుంకరి జక్కయ్య కథ నీకు నేను చెప్పనక్కర్లేదు. సండే స్కూల్లో పిల్లలకు మేడిచెట్టు ఎక్కడం వరకే చెబుతాం, లెక్క చెప్పం. అన్యాయంగా తీసుకున్నది తనంతట తాను ఒప్పుకుంటే, అసలు మీద అయిదో వంతు కలిపి ఇమ్మంటుంది లేవీయకాండం. గొర్రెను దొంగిలించి కోసుకు తిన్నవాడు మాత్రం ఒకదానికి నాలుగివ్వాలని నిర్గమకాండం. జక్కయ్య తనకు అయిదో వంతు లెక్క వేసుకోలేదు, గొర్రెల దొంగ లెక్క వేసుకున్నాడు. అది కాక ఆస్తిలో సగం బీదలకు. అయితే వరస గమనించు. అతను ఒక్క కాసు తియ్యకముందే, నీ ఇంటికి వస్తానని యేసే అన్నాడు. క్షమాపణ కొనుక్కోవడానికి కాదు అతను డబ్బు తీసింది. అటువంటి అతిథి గడప దాటి లోపలికి వచ్చాక, ఆ డబ్బును అదే ఇంట్లో ఉంచుకోలేకపోయాడు.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. డబ్బు తిరిగిచ్చేస్తే పని అయిపోయినట్టేనని నువ్వనుకోవచ్చు. యేసును పట్టిచ్చి పుచ్చుకున్న డబ్బు ఇస్కరియోతు యూదా తిరిగిచ్చాడు. మత్తయి 27వ అధ్యాయంలో అతను చేసినవి వరసగా చూస్తే మనకు గుండె జారిపోతుంది. చేసినదానికి కుమిలిపోయాడు, పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు, 30 వెండి నాణేలూ దేవాలయంలో విసిరి పోయాడు. నువ్వు ఇంకా చెయ్యనివి కూడా చేశాడు. యేసును పట్టుకున్న ఆ రాత్రే పేతురు ఆయనను ఎరగనని ముమ్మారు బొంకాడు, వెలుపలికి పోయి ఏడ్చాడు. అతని దగ్గర తిరిగివ్వడానికి నాణేలు కూడా లేవు. మరి తేడా ఏమిటి? పేతురు ఆ తర్వాత యేసు ఎదుటపడ్డాడు, ఆయన అడిగిన ప్రశ్నలు సిగ్గుతోనే విన్నాడు. యూదా యాజకుల దగ్గరికి పోయాడు, వాళ్లు అది నీ పాటు అన్నారు, అక్కణ్ణుంచి ఒంటరిగా పోయాడు. చేసినదాన్ని అసహ్యించుకోవడం ఒకటి, క్షమించగలవాడి ముఖం చూడటం ఇంకొకటి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని రాశావు గనుక ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. నిన్ను నువ్వు చీదరించుకుంటూ కూర్చోవద్దు. దానివల్ల ఏ రైతుకూ ఒక్క కిలో వెనక్కి రాదు.

పుత్తూరు కట్టు వేయించుకోవడానికి జనం ఎక్కడెక్కడినుంచో మన వైపు వస్తారు. అక్కడ ముందు ఎముకను సరిగ్గా కూరుస్తారు, తర్వాతే పసరు, బద్దలు, గుడ్డ. వంకరగా ఉన్నదాని మీద ఎంత బాగా కట్టినా అది వంకరగానే అతుక్కుంటుంది. నీ సాక్ష్యం అటువంటి కట్టే.

ధాత కరువని పెద్దలు చెప్పుకునే 1876–78 కరువులో, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగితే, సహాయం పంచుతున్నన్నాళ్లూ ఇవ్వనన్నాడు. ఆకలి అడుగుతోందో, మనసు అడుగుతోందో తేలాలి గదా. పని, పంపకం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్యను మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు, నాకు మాత్రం అంతకుముందు ఆయన ఆగిన నెలలే గొప్పవి. ఇప్పుడు మన కూడికల్లో చేతులెత్తినవాళ్ల పేర్లు ఆ సాయంత్రమే రాసుకుంటున్నాం.

మన లూథరన్ ఆరాధనలో ప్రతి ఆదివారం పాపపు ఒప్పుకోలు ఎందుకు చదువుతామో ఎప్పుడైనా ఆలోచించావా? 1517లో లూథర్ రాసిన 95 వాదాల్లో మొదటిదే ఇది: విశ్వాసి బ్రతుకంతా పశ్చాత్తాపమే కావాలని క్రీస్తు కోరాడు. ఒక్క సాయంత్రంతో ముగిసేది కాదు. రోమన్ కతోలికులు గురువు దగ్గర పాపసంకీర్తనం చేస్తే మనవాళ్లు ఎగతాళి చేస్తారు గానీ, తీసుకున్నది తిరిగిచ్చావా అని మొహం మీద అడిగే మనిషి ఒకడుండటం మంచిదే.

ఇక నువ్వు చెయ్యాల్సింది. గుర్తున్నంతవరకూ రైతుల పేర్లు, ఏ కాయ, ఎన్ని టన్నులు దించారో రాసుకో. అనుమానం వచ్చినచోట లెక్క వాళ్లవైపే మొగ్గనీ. ఒంటరిగా పో. పాస్టరుగారిని వెంటేసుకుని పోతే వాళ్లు మొహమాటానికి సరేనంటారు. నేను మారాను, రక్షణ పొందాను అని మొదలుపెట్టకు. వాళ్లడిగేది నీ రక్షణ గురించి కాదు. ఇంత తగ్గించాను, ఇదిగో అని చెప్పు. తిట్టేవాళ్లు తిడతారు, పదిమందిలో పెట్టేవాళ్లు పెడతారు, కేసు పెడతామనేవాళ్లూ ఉండొచ్చు. క్షమించమని అడుగు, క్షమించి తీరాలని పట్టుబట్టకు. చనిపోయినవాళ్లుంటే వాళ్ల పిల్లలకివ్వు. ఎవరూ లేకపోతే ఆ సొమ్ము దేవునిదని, యాజకునికి చెందుతుందని సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో ఉంది. అటువంటిది బీదలకు పెట్టు, మీ వీధిలోవాళ్లకు కాదు, ఆ ఊరివాళ్లకు. ఇదంతా అయ్యాక మళ్లీ మైకు ముందు చెప్పొద్దు.

మీ నాన్నను సర్దమని అడగొద్దు. అప్పు ఇప్పించమని నన్నూ అడగొద్దు. మండీ రోజుల్లో కొన్న బండి ఇంకా నీ దగ్గరే ఉంది గదా, తిరుపతిలో సెకండ్ హ్యాండ్‌కు ఎంత పలుకుతుందో కనుక్కుని రాయి.

ఇట్లు,
మీ పెదనాయన