మేకల పక్షం

ఏప్రిల్ మూడో వారం వచ్చిందంటే మా వీధి మలుపులో కరెంటు స్తంభాలకు ఫ్లెక్సీలు వేలాడతాయి. ఈత, కరాటే, కీబోర్డు, అబాకస్, చేతిరాత, వ్యక్తిత్వ వికాసం. దేని ఫీజు దానిదే. అవన్నీ దండగని నేననను. ఒక వేసవిలో ఈత నేర్చుకున్న పిల్లకు అది జన్మంతా పనికొస్తుంది. కాకపోతే ఆ ఫ్లెక్సీల మీదున్నవన్నీ పిల్లల్ని ఎక్కడో దింపి వచ్చే పనులే. పొద్దున దింపి, మధ్యాహ్నం తెచ్చుకుంటాం. మధ్యలో మన వాటాకు వచ్చేది హైదరాబాద్ ట్రాఫిక్.

ఏడేళ్ళ పిల్ల మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. పదమూడు దాటాక అదే పిల్లను “ఏంటమ్మా సంగతులు?” అని అడిగితే “ఏం లేవు” అంటుంది. ఎదురుగా కూర్చోబెట్టి ఆరా తీస్తే ఆ కాస్త జవాబూ ఉండదు. ఈ వయసు పిల్లలతో మాట సాగాలంటే ఇద్దరి చూపూ మూడోదాని మీద ఉండాలి. ఆ మూడోది ఖరీదైనది కానక్కర్లేదు గానీ, దాని మీద మనకూ నిజమైన ఆసక్తి ఉండి తీరాలి. పిల్లల కోసమని సరదా నటించే పెద్దల్ని పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

మా ఇంట్లో ఆ మూడోది పులిజూదం. వరండా గచ్చు మీద సుద్దముక్కతో త్రిభుజం, దాన్ని అడ్డంగా నిలువుగా కోసే గీతలు వేస్తే చాలు. 3 పులులకు గులకరాళ్ళు, 15 మేకలకు చింతపిక్కలు. పక్కనున్న మేక మీదుగా ఖాళీ గడిలోకి దూకి పులి దాన్ని చంపుతుంది. పులులన్నిటికీ కదలడానికి దారి లేకుండా చేస్తే మేకలు గెలిచినట్టు. పాత గుళ్ళ మండపాల్లో రాతినేల మీద ఈ గీతలు చెక్కి కనిపిస్తుంటాయి. దర్శనానికి వచ్చినవాళ్ళకూ పొద్దుపోవాలి కదా.

చదరంగంలో ఇద్దరికీ ఒకే బలగం. నేను గట్టిగా ఆడితే పిల్ల ఓడిపోతుంది. కావాలని ఓడితే కనిపెట్టి, బోర్డు తోసేసి వెళ్ళిపోతుంది. పులిజూదంలో ఆ తంటా లేదు. రెండు పక్షాలూ సమానం కాకపోవడమే ఆ ఆట. చిన్నవాళ్ళకు పులులిచ్చి మేకలు మనం తీసుకుంటే, ఆ పదిహేనింటినీ కాపాడుకోవడానికి నిజంగానే చెమటోడ్చాలి. నటించే అవసరమే రాదు. మా అమ్మాయి చాలా ఏళ్ళు పులే. చంపిన ప్రతి మేకనూ గౌను జేబులో వేసుకుని, అన్నం తినేటప్పుడు కూడా తీసేది కాదు.

కిందటి వేసవిలో ఉన్నట్టుండి “మేకలు నాకివ్వు నాన్నా” అంది.

మేకలతో గెలవడానికి వేగం పనికిరాదు. ఏ మేకనూ ఒంటరిగా వదలకూడదు, దాని వెనక గడిలో ఇంకోటి నిలిస్తే పులి దూకలేదు. ఒక్కోసారి తెలిసి తెలిసీ ఒకదాన్ని ఎరగా వదులుకోవాలి. గెలుపు ఎప్పుడొస్తుందో తెలియకుండా ఒక్కో పిక్కా పేర్చుకుంటూ పోవాలి. గెలవడం కన్నా నిలబెట్టడంలో ఎక్కువ ఆనందం ఉందని ఆ పిల్లకు ఎవరు చెప్పారో నాకు తెలియదు, నేనైతే చెప్పలేదు. పిక్కలు పెడుతూనే, తల ఎత్తకుండా, క్లాసులో తనతో మాటలు మానేసిన ఒక స్నేహితురాలి సంగతి చెప్పింది. సలహా ఒకటి నా నోటి చివరిదాకా వచ్చింది. నేనూ తల ఎత్తలేదు. కాసేపాగి “నీ పులి కదుపు” అంది. ఇప్పుడు పులులు మా అబ్బాయివి. వాడికి పదేళ్ళు, ఇంకా దూకుడులోనే ఉన్నాడు.

మే నెలలో మా ఇంటికి అమ్మ వస్తుంది, ఆవకాయ పెట్టడానికి. కాయలు బజార్లోనే కొట్టించి తెచ్చినా ఇంట్లో పని బోలెడుంటుంది. ప్రతి ముక్కలోంచీ జీడి తీసి, పెంకును అంటుకున్న పల్చటి పొర తీసి, పొడిగుడ్డతో తుడవాలి. ఈ పని నానమ్మ పిల్లలకే అప్పగిస్తుంది. తడి తగిలితే జాడీ మొత్తానికి బూజు పడుతుందని ముందే చెబుతుంది. అది ఉత్త బెదిరింపు కాదు, నిజం. ఈ కాలపు పిల్లలకు చేతినిండా పనులున్నాయి గానీ, చెడగొడితే ఇంటికి నష్టం వచ్చే పని దాదాపుగా లేదు. నోటుబుక్కులో తప్పు చేస్తే మార్కులు పోతాయి, అవి వాళ్ళ సొంత మార్కులు. ఈ ముక్కలు అలా కాదు, ఏడాది పొడుగునా అందరి కంచాల్లోకీ వచ్చేవి. కలపడం అయ్యాక, బేసిన్‌కు అంటుకున్న కారంలో వేడన్నం, నూనె వేసి కలిపి నానమ్మ పెట్టే ముద్దల కోసం ఇద్దరూ కొట్టుకోవడం మాత్రం ఏ ఏడూ తప్పదు.

ఇదే నెలలో ఆకాశం ఉచితంగా చూపించే వేడుక ఒకటుంది. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మధ్యాహ్నం పన్నెండు దాటిన కొన్ని నిమిషాలకు, నిటారుగా నిలబెట్టిన వస్తువుకు నీడ ఉండదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఈ నీడలేని మధ్యాహ్నం తిరుపతికి ఏప్రిల్ చివర్లోనే వచ్చి, ఊరూరూ దాటుకుంటూ మే మూడో వారానికి ఆదిలాబాద్ చేరుతుంది. సూర్యుడు మళ్ళీ దక్షిణానికి మళ్ళినప్పుడు ఇంకోసారి వస్తుంది, అప్పటికి మనకు మబ్బులు. మేడ మీద నీళ్ళ సీసా నిలబెట్టి, దాని నీడ అడుగుకిందికి ముడుచుకుపోవడం చూశాం. ఢిల్లీలో ఉన్న మేనత్త కొడుక్కి మా అమ్మాయి ఫోన్ చేసి “మీ ఊళ్ళో ఇది ఎప్పటికీ జరగదు తెలుసా?” అని ఊరించింది. కర్కాటక రేఖకు ఉత్తరాన ఉన్నవాళ్ళకు ఆ భాగ్యం నిజంగానే లేదు. భూగోళం పాఠం మొత్తం ఆ ఒక్క దెప్పుడులో వచ్చేసింది.

రాత్రిపూట అదే మేడ మీద సప్తర్షి మండలం ఉత్తరాన బాగా పైకి వచ్చి ఉంటుంది. తోకలో మధ్య చుక్క వసిష్ఠుడు, దాన్నే అంటిపెట్టుకుని మసక మసగ్గా అరుంధతి. మాకూ వాటికీ మధ్య సుమారు 80 కాంతి సంవత్సరాల దూరం, అంటే పిల్లల తాతయ్య పుట్టినప్పుడెప్పుడో బయల్దేరిన వెలుగు. “పెళ్ళిలో మీరు నిజంగా చూశారా?” అని అబ్బాయి అడిగాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా ముహూర్తం పగటిపూట. పురోహితుడు చెయ్యెత్తి చూపించాడు, మేం తలూపాం. ఆ సంగతి విని పిల్లలు నవ్విన నవ్వుకు కింది ఇంటివాళ్ళు లైటు వేశారు.

ఇక బస్సు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమయ్యాక, మా ఇంట్లో తల్లీకూతుళ్ళకు జీరో టికెట్, నాకూ మా వాడికీ డబ్బులు. “ఇదేం అన్యాయం” అని వాడి గొడవ. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఇదే పద్ధతి వచ్చింది కాబట్టి అమ్మమ్మ ఊరికెళ్ళినా వాడికి ఊరట లేదు. ఊళ్ళో తిరగడానికి బయల్దేరితే ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ మారాలో మా అమ్మాయే తేల్చాలి, మేం వెనకాల నడవాలి. ఒకసారి అఫ్జల్‌గంజ్ తీసుకెళ్ళింది. 1891లో ఆసఫియా పేరుతో మొదలైన గ్రంథాలయం అక్కడుంది. ఆ ఎత్తైన కప్పుల కింద, ఉద్యోగాల పరీక్షలకు చదువుకునేవాళ్ళ మధ్య, తనకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళ నిశ్శబ్దాన్ని ఆ పిల్ల చాలాసేపు చూస్తూ కూర్చుంది. పుస్తకం మాత్రం తెరవలేదు. తెరవమని నేనూ అనలేదు.

వచ్చే ఏడు తనది పదో తరగతి. మన దగ్గర ఆ తర్వాతి కథ అందరికీ తెలుసు. జూన్ మొదట్లోనే ఇంటర్ తరగతులు మొదలవుతాయి, చాలామంది హాస్టళ్ళకు వెళ్ళిపోతారు, అమ్మానాన్నల్ని చూడటానికి ఆదివారం ఔటింగ్ ఇస్తారు. మేమింకా ఏమీ తేల్చుకోలేదు. అయితే ‘ఇదే ఆఖరి వేసవి’ అన్న మాట మనసులో పెట్టుకుని పిల్ల వెంటపడితే, ఆ బరువు తనకు తెలిసిపోతుంది. ప్రతి సాయంత్రాన్నీ జ్ఞాపకంగా మార్చేయాలని చూసే తల్లిదండ్రుల దగ్గర ఏ పిల్లకైనా ఊపిరాడదు. పిలిస్తే రావడానికి ఎంత హక్కుందో, రాకపోవడానికీ అంతే హక్కు ఉండాలి.

మొన్న రాత్రి వృశ్చికం చూద్దాం రమ్మంటే రానంది. ఫోన్లో ఏదో చూస్తోంది. నేనూ అబ్బాయీ వెళ్ళాం, వాడు సగంలోనే చాప మీద నిద్రపోయాడు. ఎర్రగా మెరిసే జ్యేష్ఠ ముందే పైకొచ్చేసింది. తేలు తోకతో సహా కనిపించాలంటే పదిన్నర దాటాలి. తను వచ్చినా రాకున్నా నాకు అది చూడాలని ఉంది, కాబట్టి కూర్చున్నాను. వాణ్ణి భుజాన వేసుకుని దిగేసరికి తలుపు దగ్గర నిలబడి “కనిపించిందా?” అంది.

“తోక కనిపించలేదు. వాటర్ ట్యాంకు అడ్డం.”

“ఎదురు బిల్డింగ్ మేడ మీంచి కనిపిస్తుంది. రేపు ఆంటీని తాళం అడుగుతాలే” అని, తమ్ముడి చెప్పులు తీసి లోపల పెట్టింది.