ఐగుప్తు ఉల్లిపాయలు

గత శనివారము మేము పూర్వము కాపురమున్న నరసాపురము వెళ్లి రెండు దినములుంటిమి. మూడు నెలలుగా తెల్లవారుజామున నడక, రాత్రికి జొన్నరొట్టె. చక్కెరవ్యాధి అదుపులోనే యుండెను. పాత వీధి అరుగులు చూడగానే పాత నోరు మేలుకొనెను. ఒక యింట పూతరేకులు, మరియొక యింట అరిసెలు. కాదనుట మర్యాద కాదనుకొంటిమి. నిజమునకు ఎవరును బలవంతపెట్టలేదు.

ఇశ్రాయేలీయులు అరణ్యములో ఐగుప్తు చేపలను, కీరకాయలను, ఉల్లిపాయలను తలంచుకొని యేడ్చిరి (సంఖ్యా. 11). ఇటుకపని మాత్రము వారికి జ్ఞాపకము రాలేదు. మా కాలి పుండు మానుటకు ఆరు వారములు పట్టినది ఆ యూరిలోనే. ఆ సంగతి మాకును జ్ఞాపకము రాలేదు.

ఐగుప్తునుండి మరలిన అబ్రాము, మునుపు బలిపీఠము కట్టిన బేతేలు చెంతకే తిరిగి వచ్చెను (ఆది. 13). సోమవారము తెల్లవారుజామున పాదములు చూచుకొని, చెప్పులు తొడుగుకొని, దేవాలయము వరకు నడచితిమి. సగము దారిలోనే ఆయాసము వచ్చెను.