పరుగు, పళ్లెం, అలవాటు

చదువు ముగించి కుర్చీ కొలువుల్లో చేరిన యువతీయువకుల్లో చాలామంది పెరిగిన నడుము చుట్టుకొలతకు విరుగుడుగా పరుగును ఎంచుకుంటారు గాని, దాని వెనుక ఉన్న లెక్కను అరుదుగానే గమనిస్తారు. ఒక కిలోమీటరు పరుగులో శరీరం తన బరువులోని ప్రతి కిలోకూ దాదాపు ఒక కిలోక్యాలరీ, అంటే ఆహారశక్తిని కొలిచే ఒక ప్రమాణం చొప్పున ఖర్చు చేస్తుంది. ఆ ప్రకారం 70 కిలోల వ్యక్తి 5 కిలోమీటర్లు పరుగెత్తితే ఖర్చయ్యేది సుమారు 350 మాత్రమే కాగా, తిరుగుదారిలో టిఫిన్ బండి దగ్గర తిన్న ఒక మసాలా దోసె దానిని దాదాపుగా పూడ్చివేస్తుంది. కనుక బరువు తగ్గించడంలో పెద్దపాత్ర పళ్లేనిదే. తగ్గిన బరువును నిలుపుకోవడంలోనూ, గుండెను దృఢపరచడంలోనూ పరుగు అసలు విలువ తెలుస్తుంది.

అయితే పరుగు అలవాటుగా మారాలి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో వెలువరించిన అధ్యయనంలో, కొత్త పని అప్రయత్నంగా సాగే స్థితికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టగా, వ్యక్తినిబట్టి ఆ వ్యవధి 18 నుంచి 254 రోజులుగా అంచనాకు వచ్చింది. ఒకరోజు తప్పినంతమాత్రాన అలవాటు చెదరలేదన్నది, వాననాడు ముసుగుతన్ని పడుకున్నవారికి, అందులోని ఊరట.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక మార్చిమార్చి, వారానికి మూడు రోజులు చాలు.