విడదీసే ముందు ఒక్క మాట



నువ్వు పంపిన స్కాన్లు చూశాను. వాషింగ్టన్ బొమ్మ, కింది కాగితపు అంచు మీద ప్లేటు నంబరు, విడదీయని ఆరు స్టాంపుల బ్లాకు. మంచిది దొరికిందిరా. పై వరుసలో మధ్య స్టాంపు మీద నీ కన్ను పడిందని కూడా తెలిసింది. తెల్ల అంచు నాలుగు వైపులా సమానంగా ఉంది, చిల్లులు బొమ్మకి దూరంగా పడ్డాయి. దాన్ని విడదీసి గ్రేడింగుకి పంపితే నూటికి 95 ఖాయమని, కలిసొస్తే 98 అని, అప్పుడు ఆ ఒక్కటే బ్లాకు ధరని మించిపోతుందని నీ లెక్క. "నా డబ్బుతో కొన్నదేగా మావయ్యా, తప్పేముంది?" అన్నావు.

తప్పని నేను అనను. సొత్తు నీది. అసలు స్టాంపులకి చిల్లులు పెట్టిందే విడదీసుకోవడానికి. 1940ల్లో, 50ల్లో దాచుకున్న మామూలు అమెరికా ప్లేటు బ్లాకులు ఇవాళ వాటి మీద అచ్చయిన విలువకన్నా తక్కువకే దొరుకుతున్నాయి. వాటిని విడగొట్టి కవర్లమీద అంటించినా నష్టపోయేవాడు లేడు. బ్లాకు కనిపిస్తే చాలు ముట్టుకోకూడదనే పెద్దల చాదస్తం నాకు లేదు. నా బాధ నీ బ్లాకులాంటి వాటి గురించే.

నీ స్టాంపు వాషింగ్టన్-ఫ్రాంక్లిన్ వరసలోది, 1908 నుంచి 1922 దాకా వచ్చినవి. ఆ రోజుల్లో ఫ్లాట్ ప్లేటు మీద అచ్చువేసేముందు కాగితాన్ని తడిపేవారు. ఆరేటప్పుడు అది ఒక్కోచోట ఒక్కోలా కుంచించుకుపోయేది. చిల్లుల యంత్రం మాత్రం తన కొలత ప్రకారం పోయేది. అందుకే ఆ కాలపు స్టాంపుల్లో బొమ్మ ఒక పక్కకి ఒరిగినవే ఎక్కువ, నట్టనడుమ కూర్చున్నవి తక్కువ. 100 పాయింట్ల గ్రేడింగు వచ్చాక ఆ తక్కువతనానికి ఒక అంకె దొరికింది. 90కీ 98కీ మధ్య తేడా పట్టాలంటే కళ్ళజోడు సర్దుకోవాలి. ధరలో తేడా మాత్రం గుడ్డివాడికైనా తెలుస్తుంది.

కానీ నాన్నా, ఆ అంకె ఒక అభిప్రాయం. నిపుణుల అభిప్రాయమే, కాదనను. అదే స్టాంపుని మరోసారి పంపితే మరో అంకె రావచ్చు. ఏ గ్రేడులో ఎన్ని స్టాంపులున్నాయో గ్రేడింగు సంస్థ లెక్క ప్రకటిస్తుంది. ఇవాళ 98లో మూడే ఉన్నాయని చూసి నువ్వు విడదీస్తావు. నీలాగే మరో పదిమంది తమ బ్లాకులు విడదీస్తారు. ఆ మూడు పదమూడయితే ధర ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఇన్ని రకాలుగా మారగల అంకె కోసం, ఒకసారి తెగితే మళ్ళీ అతకని దాన్ని తెంపుతున్నావు. చిల్లుల దగ్గర విడిపోయిన బ్లాకుని హింజిలతో (జిగురు కాగితపు ముక్కలతో) కలిపి అమ్మేవాళ్ళూ ఉన్నారు. దానికి దక్కేది తగ్గింపు ధరే.

ఇంకో సంగతి. పక్కపక్క స్టాంపుల మధ్య చిల్లుల వరస అన్నదమ్ముల ఉమ్మడి గోడలాంటిది. ఒకరికి అంచున పన్ను నిండుగా వస్తే ఎదుటివారికి అక్కడే పన్ను కురచవుతుంది. నీ స్టాంపు మూడు వైపులా అతుక్కుని ఉంది. వందేళ్ళ నాటి కాగితం చెప్పినట్టు వింటుందన్న హామీ లేదు. ఒక్క పన్ను తెగినా నువ్వు లెక్కేసిన 98 అక్కడే ఆగిపోతుంది. అప్పుడు అంకె ఉండదు, బ్లాకూ ఉండదు.

ఇన్‌వర్టెడ్ జెన్నీ కథ నీకు తెలిసిందే. 1918 మే 14న వాషింగ్టన్‌లో విలియం రోబీ 24 డాలర్లకి కొన్న 100 స్టాంపుల షీటులో విమానం తలకిందులుగా ఉంది. ఫిలడెల్ఫియా వ్యాపారి యూజీన్ క్లైన్ దాన్ని 15 వేలకి కొని, స్టాంపుల సేకర్త కర్నల్ గ్రీన్‌కి 20 వేలకి అమ్మాడు. విడదీసి అమ్మమని గ్రీన్‌కి సలహా ఇచ్చింది కూడా క్లైనే. అయితే విడదీసేముందు ప్రతి స్టాంపు వెనకా పెన్సిలుతో సన్నగా దాని స్థానం నంబరు వేశారు. ఏది షీటులో ఎక్కడుండేదో ఇవాళ్టికీ చెప్పగలుగుతున్నామంటే ఆ పెన్సిలు గీతల పుణ్యమే. గ్రీన్ అన్నీ విడదీయలేదు, ప్లేటు నంబరున్న ఎనిమిదింటి బ్లాకుని ఉంచుకున్నాడు. తర్వాత దాన్ని కొన్న ఏమోస్ ఈనో అందులో నాలుగు తీసేశాడు. మిగిలిన నాలుగింటి బ్లాకు 2021లో సదబీస్ వేలంలో 48 లక్షల డాలర్లు దాటింది. ఇప్పుడు ఎంత డబ్బు పోసినా ఆ ఎనిమిదింటి బ్లాకుని ఎవరూ చూడలేరు.

డబ్బు సంగతి పక్కన పెట్టు. 1851 నాటి మూడు సెంట్ల స్టాంపు ఏ ప్లేటులో ఏ స్థానానిదో స్టాంపుల పరిశోధకుడు డాక్టర్ కారొల్ ఛేజ్ ఎలా తేల్చాడనుకున్నావు? జంటలు, వరసలు పోగేసి, ఒకదాని కుడి స్టాంపుని మరొకదాని ఎడమ స్టాంపుతో సరిపోల్చుకుంటూ పోయాడు. 1929లో ఆయన పుస్తకం వచ్చింది. ఆయనకి ముందువాళ్ళు జంటలన్నీ విడగొట్టి ఉంటే ఆ పని సాగేదే కాదు. విడి స్టాంపు తన సంగతే చెబుతుంది, పక్కవాడి సంగతి చెప్పాలంటే బ్లాకు కావాలి.

మన దేశపు సంగతీ ఒకటి చెబుతాను. 1948 గాంధీ పది రూపాయల స్టాంపు మీద ప్రభుత్వ వాడకానికి వేసిన 'సర్వీస్' ముద్ర ఉన్నవి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. వాటిలో నాలుగు కలిసున్న వరస 2017లో 5 లక్షల పౌండ్లకి అమ్ముడుపోయింది. నాలుగు ముక్కలుగా నలుగురికి అమ్ముకునే దారి ఉన్నా కలిపే ఉంచారు.

కాబట్టి నా మాట ఇది. ఏ బ్లాకునైనా విడదీయాలనిపిస్తే ముందు అలాంటివి ఎన్ని మిగిలాయో తెలుసుకో. ప్లేటు నంబరుంటే డర్లాండ్ కేటలాగు తిరగెయ్యి. గైడు గీతలు, అచ్చు తేడాలు ఉన్నాయేమో భూతద్దంతో చూడు. అంతకుముందు ఎవరి సేకరణలో ఉండేదో అమ్మినవాణ్ణి అడుగు. ఇవన్నీ చూశాక కూడా మామూలుదే అని తేలితే నీ ఇష్టం. అప్పుడైనా రెండు వైపులా స్కాన్ తీసి, ఏ స్టాంపు ఎక్కడుందో రాసి, ఆ కాగితాన్ని స్టాంపుతో పాటే కొన్నవాడికి ఇవ్వు. 98 స్టాంపు ఆల్బంలో ఉండాలన్న ముచ్చటే అయితే, ఇప్పటికే విడిగా ఉన్నది వేలంలో కొనుక్కో. దానికోసం ఇంకో బ్లాకుని బలిపెట్టక్కర్లేదు.

నీ ఆరింటి బ్లాకు విషయంలో నా తీర్పు అడిగావు కాబట్టి చెబుతున్నాను. జిగురు చెడకుండా, ప్లేటు నంబరుతో నిండుగా నీ చేతికొచ్చింది. అలాగే ఉంచు. ఎప్పుడైనా అమ్మదలిస్తే ఆరూ కలిపే అమ్ము.