ఇల్లు మారినట్టు ట్యాంకుకు తెలియకూడదు

అమ్మలూ,

ఏఎస్ రావు నగర్‌లో ఫ్లాటు రిజిస్ట్రేషన్ అయిపోయిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ఇక మీ ఇంటికి రావాలంటే నాకు బండి కూడా అక్కర్లేదు. అయితే నాచారం ఇంట్లో ఉన్న ఉప్పునీళ్ళ ట్యాంకు సంగతి అడిగితే, "ప్యాకర్స్ వాళ్ళతో మాట్లాడేశాం, ఒక్క పూట పని" అన్నావట. ఆ మాట విన్నాకే కాగితం ముందేసుకున్నాను. మంచాలూ బీరువాలూ ఒక్క పూటలో మారతాయి. పగడాలున్న ట్యాంకు అలా మారదు తల్లీ. మోత ఒక్క రోజే. దానికి ముందు రెండు మూడు వారాలు, తర్వాత రెండు మూడు నెలలు దాని పేరున రాసిపెట్టుకో.

నేను చెప్పేదంతా ఒక్క ముక్కలో చెబుతాను, తక్కిన ఉత్తరం తీరిగ్గా చదువుకో. ఇల్లు మారిన సంగతి చుట్టాలందరికీ తెలియాలి, ట్యాంకుకు మాత్రం తెలియకూడదు. నీళ్ళ వేడి, ఉప్పదనం, రాతిని పట్టుకుని బతికే సూక్ష్మజీవులు అక్కడ ఎలా ఉన్నాయో ఇక్కడా అలాగే ఉండాలి. నువ్వు చెయ్యాల్సిన పనల్లా అదే.

ముందు అసలు సామాను ఏదో తెలుసుకో. గాజు పెట్టె కాదు, చేపలూ కాదు, నీళ్ళు అంతకన్నా కాదు. ఆ రాళ్ళు. చేప విసర్జించిన దాంట్లోంచి, మిగిలిపోయిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. రాతి రంధ్రాల్లో కాపురమున్న బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ పని ఆగితే చేపలు రెండు మూడు రోజుల్లో తేలిపోతాయి. నీళ్ళల్లో ఆ బ్యాక్టీరియా ఉండేది నామమాత్రం. అందుకే పాత నీళ్ళన్నీ డ్రమ్ముల్లో భద్రంగా మోసుకెళ్ళి, రాళ్ళను మాత్రం గోనెసంచిలో పడేసి ఎండలో ట్రాలీ ఎక్కించేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పాత రాయి కొత్త ఇంట్లో పెట్టడమంటే పాలల్లో తోడు వెయ్యడం. తోడే చచ్చాక పాలు ఎంత మంచివైతే ఏం లాభం?

ఇక కొత్త ఇంట్లో ట్యాంకు ఎక్కడ పెట్టాలన్న పంచాయితీ. నీళ్ళు ఈశాన్యంలో ఉండాలని మీ అత్తగారు అంటారు. ఆవిడ మాట తీసెయ్యకు, కానీ మూడు సంగతులు చూసుకున్నాకే సరే అను. మొదటిది బరువు. నీది నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. పదహారు ఘనపుటడుగులు, అంటే దాదాపు 450 లీటర్లు, అంతే కిలోలు. ట్యాంకు కింద ఉండే ఫిల్టరు సంపు, గాజు, రాళ్ళు, స్టాండు కలిస్తే 700 కిలోల పైమాటే. ఇళ్ళల్లో గదుల స్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడకపు బరువు లెక్కన కట్టాలని ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. నీ ట్యాంకు నిలబడే చోటు ముప్పావు చదరపు మీటరు కూడా లేదు. అలాగని రేపే స్లాబు కూలదు, ఎందుకంటే ఆ లెక్క గది మొత్తానికి. కానీ గది నడిమధ్యన, బాల్కనీలో మాత్రం పెట్టకు. దూలం మీదుగానో స్తంభం పక్కనో గోడకు ఆనించి పెట్టు. బిల్డరు మాట కాకుండా, స్ట్రక్చరల్ డ్రాయింగు చదవగలిగిన ఇంజినీరు మాట విను. రెండోది ఎండ. ఈశాన్యపు కిటికీలోంచి పొద్దుటి ఎండ నేరుగా నీళ్ళ మీద పడితే నాచు కమ్ముతుంది, నీళ్ళు వేడెక్కుతాయి. మందపాటి కర్టెన్ లేనిదే ఆ మూల వద్దు. మూడోది కరెంటు. ట్యాంకు ప్లగ్గులన్నిటికీ 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు ఉండాలి. వైరు సాకెట్టు కన్నా కిందికి వేలాడి పైకి వెళ్ళేలా చూడు, జారిన చుక్క నేల మీద పడుతుంది తప్ప సాకెట్టులోకి పోదు.

గృహప్రవేశం రోజే ట్యాంకు కూడా తెచ్చేద్దామని అల్లుడు అన్నాడట. వద్దని చెప్పు. పాలు పొంగించే రోజు వేరు, ఉప్పునీళ్ళు మోసే రోజు వేరు. నీళ్ళల్లోని మురికిని నురగగా లాగేసే స్కిమ్మరు, గదిలోని గాలిని పీల్చి బుడగలుగా నీళ్ళల్లో కలుపుతుంది. ఆ గాలిలో హోమం పొగ, కొత్త పెయింటు, వార్నిష్, దోమల మందు ఏది ఉంటే అదే నీళ్ళల్లోకి పోతుంది. చెక్క పని పూర్తయి, వాసన విరిగాక తీసుకురా. స్కిమ్మరు గాలిగొట్టం కొన కిటికీ బయటికి పెట్టుకుంటే ఇంకా మంచిది. వచ్చిన పెద్దవాళ్ళు గాజుకు పసుపూ కుంకుమా పెడతామంటే పెట్టనియ్యి, తుడిస్తే పోతాయి. లోపల అక్షింతలు మాత్రం పడనివ్వకు. రాగి చెంబుతోనో ఇత్తడి బిందెతోనో ఎవరూ నీళ్ళు పొయ్యకుండా చూడు. మనకు పవిత్రమైన రాగి పగడానికీ రొయ్యకూ నత్తకూ విషం.

వైశాఖంలో ముహూర్తం దొరికితే ఇంట్లో దిగిపోండి, ట్యాంకు మాత్రం చల్లబడ్డాక. మన ఊరి మే నెల ఎండ నీకు తెలియనిది కాదు. పగడం కణజాలంలో కంటికి కనపడని శైవలాలుంటాయి, దానికి రంగూ తిండీ చాలావరకు వాటివల్లే. వేడికి తట్టుకోలేక పగడం వాటిని బయటికి నెట్టేస్తే తెల్లబడిపోతుంది. సముద్రంలో మామూలు ఎండాకాలపు వేడి మీద ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు నిలిచినా చాలు. మన ప్రగతి నగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉపగ్రహాల ద్వారా సముద్రపు వేడి చూసి, ఎక్కడ పగడాలు తెల్లబడే ప్రమాదముందో హెచ్చరికలు పంపుతుంది. రోడ్డు దారిన సముద్రం మూడు వందల కిలోమీటర్ల పైన ఉన్న ఊళ్ళో కూర్చుని వాళ్ళు లక్షద్వీప్ పగడాల జ్వరం చూస్తున్నారు. హాల్లో ఉన్న నాలుగడుగుల సముద్రం జ్వరం నువ్వు చూసుకోలేవా? 25, 26 డిగ్రీల దగ్గర నిలబెట్టు. నీళ్ళను చల్లబరిచే చిల్లర్‌ను కొత్త ఇంట్లో ముందే బిగించి ఓ రోజు నడిపి చూడు.

నీళ్ళ పని వారం ముందే మొదలవ్వాలి. అక్కడి నీళ్ళల్లో సగం తెచ్చుకో, తక్కిన సగం ఇక్కడ తయారుచేసుకో. బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు, జలమండలి నీళ్ళు ఏవీ నేరుగా పనికిరావు. వంటింటి ప్యూరిఫయర్ నీళ్ళూ వద్దు, అది తాగడానికి రుచిగా ఉండాలని కొంత లవణం మిగిల్చి ఇస్తుంది. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాన్ని కూడా తీసేసే డీఐ ఉన్న యూనిట్ పెట్టి, టీడీఎస్ మీటరు సున్నా చూపిస్తేనే పట్టు. ఉప్పు కూడా ట్యాంకుల కోసం చేసినదే కావాలి. మన ఉప్పుమడుల్లో సోడియం క్లోరైడు గడ్డకట్టాక మెగ్నీషియంతో సహా తక్కిన లవణాలు చాలావరకు చేదునీళ్ళల్లోనే వెళ్ళిపోతాయి కాబట్టి కళ్ళుప్పుతో సముద్రం తయారవదు. 250 లీటర్లకు తొమ్మిది కిలోలు, ఇంకాస్త పైగానే పడుతుంది. డ్రమ్ములో పంపు పెట్టి ఒక రోజంతా తిరగనియ్యి. వెయ్యికి 35 వంతుల ఉప్పదనం వచ్చిందో లేదో కొలుచుకో. కొలిచే రిఫ్రాక్టోమీటరును ముందు 35 వంతుల ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకో.

కొలత మీద నాకింత పట్టుదల ఎందుకో ఈ కాలనీలో ఉండబోయేదానివి నీకు తెలియాలి. మొగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరు మన కాలనీది. 1967లో ఆయన సారథ్యంలో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలైంది. అందులో మీటర్లూ మానిటర్లూ చేసి రిటైరైనవాళ్ళు ఇప్పటికీ ఈ వీధుల్లో పొద్దున్నే నడుస్తుంటారు, నాతో సహా. "నీళ్ళు బాగానే కనిపిస్తున్నాయి" అన్న మాట మా ముందు చెల్లదు. ఎంత? దేనితో కొలిచావు? ఆ మీటరు సరైనదేనా? మేం అడిగేవి ఈ మూడే.

మోసే రోజు. ముందు రోజు చేపలకు మేత పెట్టకు. పొద్దున్నే లైట్లు వెయ్యకుండా, అడుగు కదపకుండా, పైనుంచి తేట నీళ్ళు డ్రమ్ముల్లోకి తీసుకో. ఆ డ్రమ్ములూ బకెట్లూ ఫినాయిలు, సబ్బు ఎరగనివై ఉండాలి. పగడాలను ఒక్కొక్కటీ విడివిడిగా నీళ్ళున్న డబ్బాల్లో పెట్టు. తర్వాత రాళ్ళు, మునిగేలా టబ్బుల్లో. స్పాంజి పట్టిన రాయిని గాలికి పెడితే స్పాంజి చచ్చి నీళ్ళు పాడుచేస్తుంది. రాళ్ళు తీసేశాక చేపలు దాక్కోవడానికి చోటుండదు, అప్పుడు పట్టుకోవడం తేలిక. మూత ఉన్న బకెట్లలో, బ్యాటరీ గాలిపంపుతో. పగడాలకు చుట్టాలైన జోయాంథిడ్ జీవుల గుత్తులున్న రాయి ముట్టుకునేప్పుడు చేతులకు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. కొన్నిట్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అలాంటి రాయిని ఉడకబెట్టడం, వేణ్ణీళ్ళు పోసి తోమడం చస్తే చెయ్యొద్దు, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలు ఆస్పత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో ఉన్నాయి.

పాత ఇసుక మీద మమకారం పెట్టుకోకు. ఏళ్ళ తరబడి అడుగున పేరుకున్న మురికి కదిలితే అమ్మోనియా, ఒక్కోసారి కుళ్ళిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడు లేస్తాయి. కొత్త ఇసుక కడిగి వేసుకో, లేదా పాతదే నీళ్ళు తేటపడే దాకా కడుగు. ట్యాంకును పూర్తిగా ఖాళీ చేశాకే, అడుగున ప్లైవుడ్ పెట్టి ఎత్తించు. ఇక్కడికి తెచ్చాక మామూలు నీళ్ళు నింపి, మట్టం చూసి, ఒక రోజు కారుతుందేమో చూడాలి. ఆ రోజంతా జీవాలు టబ్బుల్లోనే ఉంటాయి కాబట్టి పెద్ద టబ్బు, పంపు, హీటరు ముందే ఏర్పాటు చేసుకో. అలాగే మల్లాపూర్ మీదుగా వచ్చే దారిలో గుంతలెన్నో మోసే ముందు రోజే చూసుకుని రమ్మని అల్లుడికి చెప్పు.

కరెంటు పోతే కంగారు పడకు. ఇన్వర్టరు మీద చిల్లర్ పెట్టకుండా, నీళ్ళు తిప్పే పంపు ఒక్కటి పెట్టు, ఎక్కువసేపు నడుస్తుంది. 1846లో అన్నా థిన్ అనే ఆవిడ ఇంగ్లండులోని టార్కీ తీరం నుంచి లండన్‌కు బతికున్న పగడాలు తీసుకెళ్ళింది. దారిలో దొర్లిపోకుండా వాటిని సూదీదారంతో స్పాంజికి కుట్టింది. కరెంటు పంపులు లేని కాలం. పనిమనిషి రోజూ తెరిచిన కిటికీ దగ్గర నిలబడి, అరగంటా ముప్పావుగంటా ఆ నీళ్ళను ఈ పాత్రలోంచి ఆ పాత్రలోకి పోసేది. పగడాల చరిత్రలో ఆ పనిమనిషి పేరు వినపడదు గానీ వాటిని బతికించింది ఆ చేతులే. ఇన్వర్టరు కూడా చేతులెత్తేస్తే ఓ ప్లాస్టిక్ మగ్గు, నీ రెండు చేతులు చాలు.

నీళ్ళు నిండాక మొదలయ్యే కాలమే కష్టం, ఎందుకంటే అప్పుడు ఏమీ చెయ్యకుండా ఉండాలి. మొదటి వారం రోజూ అమ్మోనియా చూడు, తర్వాత ఆల్కలినిటీ చూడు. లైట్లు తగ్గించి, వారాల మీద పెంచు. మేత సగమే వెయ్యి. గోధుమరంగు పొర కడితే మందులు పొయ్యకు, అదొచ్చి పోయేదే. ఆవిరై తగ్గిన నీళ్ళకు మంచినీళ్ళే పొయ్యి, ఉప్పు ఆవిరవదు. కొత్త ఇంటికి కొత్త చేప కావాలని పిల్లాడు మారాం చేస్తాడు. మూడు నెలలు ఆగమను.

ఆ తర్వాత కొనేటప్పుడు ఒక్క మాట, ఇది కాస్త కటువుగానే చెబుతాను. గట్టి అస్థిపంజరం కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, సముద్రపు గుర్రాలకూ ఆ చట్టం రక్షణ ఉంది. మన్నార్ సింధుశాఖ నుంచి తెచ్చిన 'లైవ్ రాక్' అని ఎవరైనా చవగ్గా ఇస్తామంటే అది దిబ్బను పగలగొట్టి తెచ్చిన ముక్క. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు ఉంది. విదేశంలో పెంచి తెచ్చిన పగడాలకైనా దిగుమతి కాగితాలుండాలి. వన్యజీవుల వ్యాపారం మీది అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ జాబితాలోని జీవులను పరివేష్ పోర్టల్లో నమోదు చెయ్యాలని 2024 నిబంధనలు చెబుతున్నాయి. ఉన్నవాటి కాగితాలు ఇంటి దస్తావేజుల ఫైల్లోనే పెట్టు. క్లౌన్ చేప కావాలంటే హేచరీలో పుట్టినదే అడుగు. వాటిని పెంచే పద్ధతి మన సముద్ర చేపల పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ వాళ్ళు ఎప్పుడో సాధించారు. సముద్రం మీద ప్రేమతో పెట్టుకున్న ట్యాంకు కోసం సముద్రాన్నే తవ్వుకురావడం మన ఇంటా వంటా లేని పని.

ప్యాకర్స్ వాళ్ళకు మంచాలూ బీరువాలూ అప్పగించు. ట్యాంకు తేదీ వేరే పెట్టుకుని నాకు రెండు రోజుల ముందు చెప్పు. డ్రమ్ములు నాలుగు, మూత బకెట్లు ఆరు మా డాబా మీద కడిగి ఆరబెట్టి ఉంచాను. మీటర్లు కూడా నావే తెస్తాను, నీవి ఎంత సరిగ్గా చూపిస్తున్నాయో పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య